ఒక్క కార్డ్, నాలుగు గిటార్లు, బేస్ లేదు: ఆర్.ఎల్. బర్న్‌సైడ్ 1996 ఆల్బమ్

1996 ఫిబ్రవరి 6న, మిసిసిపీ రాష్ట్రంలోని హోలీ స్ప్రింగ్స్ దగ్గర, వేటగాళ్ల విడిది ఒకటి అద్దెకు తీసుకుని ఐదుగురు వాద్యకారులు ఒక్క మధ్యాహ్నంలో ఆల్బమ్ మొత్తం రికార్డు చేసేశారు. పట్టింది నాలుగు గంటలు. మధ్యలో కూర్చున్నది ఆర్.ఎల్. బర్న్‌సైడ్. అప్పటికి ఆయనకు 69 ఏళ్లు. జీవితంలో ఎక్కువ భాగం పాలికి సేద్యం చేసి, చేపలు పట్టి బతికిన ఉత్తర మిసిసిపీ కొండ ప్రాంతపు బ్లూస్ గిటారిస్టు. పక్కన ఆయనతో ఏళ్ల తరబడి వాయిస్తున్న కెనీ బ్రౌన్. మిగతా ముగ్గురూ న్యూయార్క్ పంక్ (మొరటుగా, వేగంగా సాగే రాక్) గుంపు నుంచి వచ్చిన జాన్ స్పెన్సర్ బ్లూస్ ఎక్స్‌ప్లోజన్ బృందం: గిటార్ల మీద స్పెన్సర్, జూడా బావర్, డ్రమ్స్ మీద రస్సెల్ సిమిన్స్. ఆ ఏడాది జూన్‌లో మటాడోర్ సంస్థ ‘ఎ యాస్ పాకెట్ ఆఫ్ విస్కీ’ పేరుతో దాన్ని విడుదల చేసింది.

దీన్ని పంక్ కుర్రాళ్లు ఓ ముసలాయన బ్లూస్‌ను ముట్టడించిన రికార్డుగా చెప్పుకోవడం మామూలైపోయింది. వింటే అలా అనిపించదు. ఆల్బమ్ మొదలయ్యే ‘గోయిన్ డౌన్ సౌత్’లో పాటను నడిపేది బర్న్‌సైడ్ బొటనవేలే. మిగతా నలుగురూ దాని వెంట పరిగెడుతున్నారు. సైకడెలిక్ సంగీతం కోరుకునే మైకం, పంక్ కోరుకునే మొరటు పునరావృత్తి రెండూ ఆ కొండ ప్రాంతపు వాయిద్యంలో ముందునుంచే ఉన్నాయి. బయటివాళ్లు తెచ్చినది శబ్దం మట్టం మాత్రమే.

పన్నెండు బార్లు లేని బ్లూస్

మామూలుగా బ్లూస్ అంటే పన్నెండు బార్ల (తాళావర్తం లాంటి కొలతల) చట్రం. మన స్వరాల్లో చెప్పాలంటే నాలుగు బార్లు షడ్జమం మీది కార్డ్ (కలిపి పలికే స్వరాల గుంపు), రెండు మధ్యమం మీద, మళ్లీ రెండు షడ్జమం, ఒకటి పంచమం, ఒకటి మధ్యమం, చివరి రెండు షడ్జమం. షికాగో బ్లూస్, దాని నుంచి పుట్టిన రాక్ చాలావరకు ఈ బండి చాలులోనే నడిచాయి. ఉత్తర మిసిసిపీలో పనోలా, టేట్, మార్షల్, లఫాయెట్ కౌంటీల వాళ్లు ఈ చట్రాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఒకే కార్డ్, ఒకే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరస), రాత్రంతా నాట్యం. కార్డ్ మారాలన్నా బార్ల లెక్కను బట్టి మారదు. పాడేవాడి మాట ఎక్కడ ఆగితే అక్కడ మారుతుంది. ఒక చరణం పదకొండు బార్లకు తెగొచ్చు, తర్వాతిది పదమూడున్నరకు పోవచ్చు. అదే నేల మీద వెదురు పిల్లనగ్రోవి, డప్పులతో ఊరేగే ఫైఫ్ అండ్ డ్రమ్ బృందాలు ఉండేవి. గిటార్‌ను డ్రమ్‌లా వాయించే అలవాటుకు మూలం అక్కడ వెతకాలి. 1959లో జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్ రికార్డు చేసిన గిటారిస్టు ఫ్రెడ్ మెక్‌డవెల్ దగ్గరే బర్న్‌సైడ్ పని నేర్చుకున్నాడు. 1967లో మరో సేకర్త జార్జ్ మిచెల్ వచ్చి బర్న్‌సైడ్‌ను తొలిసారి రికార్డు చేశాడు. ఆ రికార్డింగుల్లో ఉన్నది ఒక్క అకూస్టిక్ గిటార్, గొంతు. అయినా 1996 ఆల్బమ్‌లో గొడవ చేస్తున్న రిఫ్‌ల ఎముకలన్నీ అందులో వినిపిస్తాయి.

రాక్ బృందాలు ఈ పాటల దగ్గర బోర్లా పడేది ఈ బార్ల దగ్గరే. డ్రమ్మర్ మనసులో పన్నెండు లెక్కపెడుతుంటాడు, బేసిస్టు ఐదో బార్‌లో మధ్యమానికి దూకుతాడు, గాయకుడు ఇంకా పాత మాటలోనే ఉంటాడు. రెండో చరణానికల్లా ముగ్గురూ మూడు చోట్ల తేలతారు. సిమిన్స్ చేసిన పని ఇక్కడ గమనించాలి. చరణం చివర ఫిల్ (చిన్న దరువు విన్యాసం) వేసి ‘ఇక కొత్త చరణం’ అని చాటింపు వేయడు. కిక్, స్నేర్ డ్రమ్‌లను రిఫ్‌కు కట్టేసి, గొంతు తిరిగినప్పుడే తిరుగుతాడు. పంక్ డ్రమ్మింగ్‌లో అలంకారాలు తక్కువ కావడం ఇక్కడ అక్కరకొచ్చింది. జాజ్ తెలిసిన మంచి డ్రమ్మర్ కంటే ఇతనే ఈ పనికి తగినవాడు.

బేస్ గిటార్ లేకుండా బేస్

ఆ గదిలో నాలుగు గిటార్లున్నాయి, బేస్ గిటార్ లేదు. బ్లూస్ ఎక్స్‌ప్లోజన్ బృందమే బేస్ లేకుండా పుట్టింది కాబట్టి వాళ్లకది కొత్త కాదు. అయినా రికార్డు పలచగా వినిపించదు. ఎందుకో తెలియాలంటే ట్యూనింగ్‌లోకి, వక్రీకరించిన శబ్దం ప్రవర్తనలోకి దిగాలి.

ఆ ప్రాంతపు స్లైడ్ (వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చే) వాయిద్యంలో విరివిగా కనిపించే ట్యూనింగ్‌లలో ఓపెన్ జి ఒకటి. మామూలు ట్యూనింగ్ నుంచి దానికి రావడం సులువు: ఆరో తీగను ఇ నుంచి డికి, ఐదో తీగను ఎ నుంచి జికి, మొదటి తీగను ఇ నుంచి డికి దించాలి. మూడూ రెండేసి ఫ్రెట్ల (గిటార్ మెడ మీది లోహపు మెట్ల) మేర కిందికి. మిగతా మూడు తీగలు ముట్టుకోనక్కర్లేదు. ఇప్పుడు మందమైన తీగ నుంచి సన్నని తీగ వైపు మీటితే డి, జి, డి, జి, బి, డి పలుకుతాయి. జిని షడ్జమం అనుకుంటే ప, స, ప, స, గ, ప. కింది నాలుగు తీగల్లో షడ్జమ పంచమాలు తప్ప ఇంకేమీ లేవు. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది ఎక్కడిదో చెప్పక్కర్లేదు, తంబురా కూడా ప, స, స, సలే. సైకడెలిక్ సంగీతంలోని మైకానికి ఆధారమైన ఎడతెగని శ్రుతిని 1960లలో రాక్ వాళ్లు ఎక్కువగా సితార్, తంబురాల నుంచి పట్టుకున్నారు. షికాగో బ్లూస్‌లో పెరిగిన గిటారిస్టు మైక్ బ్లూమ్‌ఫీల్డ్ 1966లో పాల్ బటర్‌ఫీల్డ్ బృందంతో చేసిన పదమూడు నిమిషాల ‘ఈస్ట్-వెస్ట్’కు ప్రేరణ హిందుస్థానీ రాగాలాపనే. మిసిసిపీ కొండల్లో మాత్రం ఆ శ్రుతి ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.

ఇక లెక్కలు. ఓపెన్ జిలో ఐదో తీగ 98 హెర్ట్జ్, నాలుగో తీగ సుమారు 147 హెర్ట్జ్. ఈ రెంటినీ కలిపి శుభ్రమైన ఆంప్‌లోకి (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్‌లోకి) పంపితే ఆ రెండే వినిపిస్తాయి. శబ్దాన్ని గరగరలాడించే ఫజ్ పెడల్‌లోకో, పగిలేంత పెంచిన వాల్వ్ ఆంప్‌లోకో పంపితే వాటి తేడా కూడా ఒక స్వరంగా పుడుతుంది: 147 నుంచి 98 తీసేస్తే 49 హెర్ట్జ్. అది జి స్వరమే, ఒక స్థాయి కింద; బేస్ గిటార్ నాలుగో తీగ మూడో ఫ్రెట్ దగ్గర పలికే జి. అంటే స, ప కలిపి వక్రీకరిస్తే లేని బేస్‌ను ఆంప్ తయారు చేసి పెడుతుంది. స్పీకర్ 49 హెర్ట్జ్‌ను పూర్తిగా పలికించలేకపోయినా దాని అనుస్వరాల (వెంట మోగే పై స్వరాల) వల్ల చెవి దాన్ని పూరించుకుంటుంది.

గాంధారం చేరితే కథ మారుతుంది. మూడో తీగ 196, రెండో తీగ బి దాదాపు 247. తేడా 51 హెర్ట్జ్ చిల్లర తక్కువ. పక్కనే 49 ఉంది. రెండూ కలిస్తే సెకనుకు రెండుసార్లు ఊగే బురద చప్పుడు వస్తుంది. ‘ఫజ్ పెడితే కార్డ్ ముద్దముద్దగా వినిపిస్తోంది’ అనే ఫిర్యాదుకు కారణం చాలాసార్లు పెడల్ కాదు, ఈ గాంధారమే. విరుగుడు రెండు రకాలు. ఒకటి, ఫజ్ వేసినప్పుడు రెండో తీగ జోలికి పోకుండా కింది నాలుగు తీగలతో సరిపెట్టుకోవడం. రెండోది, ట్యూనర్ చూపే బి కంటే 14 సెంట్లు, అంటే సెమీటోన్‌లో (ఒక ఫ్రెట్ దూరంలో) ఏడో వంతు, తగ్గించి తీగను 245 హెర్ట్జ్ దగ్గర నిలపడం. అప్పుడు తేడా కూడా సరిగ్గా 49కి వచ్చి కూర్చుంటుంది. తంబురా అనుస్వరాల్లో తనంతట తాను పలికే అంతర గాంధారం స్థానమూ అదే. ట్యూనర్ ముల్లు మధ్యలో నిలబడలేదని దాన్ని సరిచేయబోతే మళ్లీ మొదటికే వస్తారు. బ్లూస్ స్లైడ్ వాయిద్యకారులు ఈ లెక్కలు కట్టి ఉండరు, చెవితో ఆ చోటికి చేరారు.

మన దగ్గర దీనికి ఇంకో తలనొప్పి తోడవుతుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అక్కడి ఆంప్ గుంయిమనే చప్పుడు ఓపెన్ జిలోని షడ్జమ పంచమాలకు దూరంగా ఉంటుంది. ఇండియాలో 50 హెర్ట్జ్. గ్రౌండ్ సరిగా లేని ఇంట్లో వచ్చే హమ్ 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర పలుకుతుంది, మన షడ్జమం 49, 98. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటి గదిలో ఈ తరహా వాయిద్యం రికార్డు చేసేవాళ్లకు శ్రుతి ఎంత చూసుకున్నా కింది స్వరం నెమ్మదిగా ఊగుతున్నట్టు అనిపిస్తే, ముందు అనుమానించాల్సింది గిటార్‌ను కాదు, ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ తీగను. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, ఆంప్‌ను, కంప్యూటర్‌ను ఒకే పవర్ బోర్డుకు తగిలించండి. అప్పటికీ పోకపోతే గిటార్ మొత్తాన్ని 35 సెంట్లు పైకి లాగి హమ్‌తోనే శ్రుతి కలిపేయడం మొరటు పద్ధతే గానీ పనిచేస్తుంది.

తీగలు, స్లైడ్, పెడల్

తీగలు దించినప్పుడు వదులవుతాయి. మొదటి తీగ 9 లేదా 10 గేజ్ (మందం) ఉన్న మామూలు ఎలక్ట్రిక్ సెట్‌తో స్లైడ్ వేస్తే గొట్టం ఫ్రెట్లకు తగిలి టకటకమంటుంది. 12 లేదా 13తో మొదలయ్యే సెట్ కావాలి, బ్రిడ్జ్ దగ్గర తీగల ఎత్తు కొంచెం పెంచాలి. మెడలోని రాడ్ సరిచేయకుండా మందం తీగలు బిగిస్తే కొన్నాళ్లకు మెడ వంగుతుంది. స్లైడ్‌ను చిటికెన వేలికి తొడిగితే మిగతా మూడు వేళ్లు రిఫ్‌కు, వెనక తీగల్ని అణచడానికి ఖాళీగా ఉంటాయి. మామూలుగా ఫ్రెట్‌కు వెనక నొక్కే అలవాటున్నవాళ్లు స్లైడ్‌నూ అక్కడే ఆపుతారు, స్వరం తక్కువగా పలుకుతుంది. స్లైడ్ ఆగాల్సింది లోహపు ఫ్రెట్ సరిగ్గా పైన. కుడిచేతికి పిక్ అక్కర్లేదు. బొటనవేలు కింది తీగల మీద దరువు, చూపుడు వేలు పైతీగల మీద రిఫ్. పిక్‌తో వాయిస్తే రెండూ ఒకే గొంతులా వినిపించి, ఇద్దరు వాయిస్తున్నారన్న భ్రమ పోతుంది. బర్న్‌సైడ్ వాయిద్యానికి సగం బలం ఆ భ్రమే.

ఫజ్ పెడల్‌ను గిటార్ పక్కనే, గొలుసులో మొట్టమొదట పెట్టాలి. 1960ల నాటి ఫజ్ సర్క్యూట్లు గిటార్ పికప్‌ను (తీగల కంపనాన్ని పట్టే భాగాన్ని) నేరుగా చూడాలనే లెక్కతో తయారయ్యాయి. మధ్యలో బఫర్ (సంకేతం బలహీనపడకుండా చూసే సర్క్యూట్) ఉన్న ట్యూనర్ పెడల్ వస్తే శబ్దం రంపం పెట్టినట్టు గీరుకుంటుంది, గిటార్ వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు. ఆంప్ చిన్నదై ఉండాలి. 12, 15 వాట్ల వాల్వ్ ఆంప్‌ను పూర్తిగా తిప్పితే గదిలో భరించగలిగే మట్టం దగ్గరే పగులుతుంది. వంద వాట్ల ఆంప్ అలా పగిలేలోపు ఇరుగుపొరుగు తలుపు కొడతారు.

ఈ ఆల్బమ్‌లో స్పెన్సర్ వాయించిన థెరెమిన్ గురించి ఒక మాట. సోవియట్ ఇంజినీర్ లెవ్ థెరెమిన్ 1920 ప్రాంతంలో తయారుచేసిన, ముట్టుకోకుండా వాయించే వాద్యం అది. నిలువు యాంటెనాకు చేయి దగ్గర చేస్తే స్వరం పైకి పోతుంది, పక్కనున్న వలయానికి దగ్గర చేస్తే శబ్దం తగ్గుతుంది. స్పెన్సర్ దాన్ని రాగం వాయించడానికి వాడలేదు, అరుపుకు వాడాడు. ఆల్బమ్‌లో సైకడెలిక్ అని వేలెత్తి చూపదగ్గ వాద్యం అదొక్కటే, కానీ పాటలకు అది లేకున్నా నష్టం లేదు. మైకమంతా రిఫ్‌లో ఉంది.

ఎలక్ట్రిక్ మడ్ ఎక్కడ దారి తప్పింది

ఇరవై ఎనిమిదేళ్ల ముందు ఇలాంటి ప్రయత్నమే ఇంకా పెద్ద పేరుతో జరిగింది. షికాగో బ్లూస్ దిగ్గజం మడ్డీ వాటర్స్ 1968 ఆల్బమ్ ‘ఎలక్ట్రిక్ మడ్’. (మడ్డీ భార్య బర్న్‌సైడ్‌కు దగ్గరి చుట్టం. షికాగోలో ఉన్న రోజుల్లో బర్న్‌సైడ్ వాళ్లింటికి వెళ్లి ఆయన వాయిస్తుంటే చూసేవాడు.) నిర్మాత మార్షల్ చెస్ హిప్పీ శ్రోతల్ని పట్టాలనుకున్నాడు. గిటార్ల మీద పీట్ కోసీ, ఫిల్ అప్‌చర్చ్, రోలండ్ ఫాక్నర్, బేస్ మీద లూయీ సాటర్‌ఫీల్డ్, డ్రమ్స్ మీద మారిస్ జెన్నింగ్స్, ఆర్గాన్ మీద చార్ల్స్ స్టెప్నీ. షికాగోలో అంతకన్నా మంచి స్టూడియో వాద్యకారులు దొరకడం కష్టం. కోసీ తర్వాత జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో చేరి ఇదే శబ్దాన్ని ఎంత దూరం తీసుకెళ్లాడో 1970ల రికార్డుల్లో వినొచ్చు. ఆల్బమ్ బిల్‌బోర్డ్ జాబితాలో 127వ స్థానం దాకా వెళ్లింది. బ్లూస్ విమర్శకులు దుమ్మెత్తి పోశారు. మడ్డీకీ నచ్చలేదు.

‘ఎలక్ట్రిక్ మడ్’ చెత్త రికార్డు అనే మాట మాత్రం అన్యాయం. ‘మానిష్ బాయ్’లో రిథమ్ ఇప్పటికీ బరువుగానే ఉంది, 1990ల హిప్‌హాప్ వాళ్లు దాన్ని ఊరికే వెతుక్కోలేదు. లోపం ఫజ్‌లో లేదు, వా-వా పెడల్‌లో లేదు. ఆ రికార్డులో మడ్డీ గిటార్ పట్టలేదు, పాడాడంతే. అమెరికాలో అత్యంత ప్రభావం చూపిన స్లైడ్ చేతుల్లో ఒకటి ఖాళీగా ఉండగా చుట్టూ ముగ్గురు గిటారిస్టులు అలంకారం చేశారు. పాట ఎప్పుడు ఊపిరి తీసుకోవాలో అరేంజ్‌మెంట్ నిర్ణయించింది. ఫలితం వేదిక మీద బయటపడింది: మడ్డీ తన సొంత బృందంతో ఆ పాటల్ని ఆ రూపంలో వాయించలేకపోయాడు. హోలీ స్ప్రింగ్స్ విడిదిలో అరేంజ్‌మెంట్ అనేదే లేదు. బర్న్‌సైడ్ మొదలుపెడితే మొదలు, ఆపితే ఆగడం. అందుకే ఆయన ఆ పాటల్ని స్పెన్సర్ బృందంతోనైనా, లేకుండా కెనీ బ్రౌన్‌తో, మనవడు సెడ్రిక్ డ్రమ్స్‌తోనైనా ఎక్కడికైనా మోసుకెళ్లగలిగాడు.

పంక్ వాళ్లకు ఇది పరాయి ఇల్లు కాదని గుర్తు చేయడానికి ఒక పేరు చాలు. పంక్‌కు దారి చూపిన గాయకుడు ఇగీ పాప్ కుర్రతనంలో షికాగో వెళ్లి బటర్‌ఫీల్డ్ డ్రమ్మర్ సామ్ లే పరిచయంతో బ్లూస్ బృందాల వెనక డ్రమ్స్ వాయించాడు. తిరిగి వచ్చి కట్టిన స్టూజెస్ బృందపు 1969 ఆల్బమ్‌లో ‘ఐ వానా బీ యువర్ డాగ్’ మూడు కార్డ్‌ల రిఫ్, దాని మీద మొదటి నుంచి చివరి దాకా ఒకే స్వరం మీద మోగే పియానో. 1996లోనే ఇగీ తన పర్యటనకు ముందు వాయించడానికి పిలుచుకున్నది బర్న్‌సైడ్ ఊరివాడే అయిన బ్లూస్ గిటారిస్టు జూనియర్ కింబ్రోను.

గదిలో రికార్డు చేసే పద్ధతి కూడా ఈ శబ్దంలో భాగమే. అందరూ ఒకే గదిలో వాయిస్తే ఒకరి మైక్‌లోకి ఇంకొకరి చప్పుడు చొరబడుతుంది. అది తప్పు కాదు గానీ అదుపు తప్పితే డ్రమ్స్ బోలుగా వినిపిస్తాయి. మైక్ దాని ఆంప్‌కు ఒక అడుగు దూరంలో ఉంటే, పక్క మైక్ దానికి మూడడుగులైనా అవతల ఉండాలన్నది పాత లెక్క. తప్పు పడితే ఆ ముక్క ఒక్కటే తిరిగి వాయించి అతికించడం ఇలాంటి రికార్డింగ్‌లో కుదరదు, మిగతా మైకుల్లో పాత తప్పు అలాగే ఉంటుంది. పాట మొత్తం మళ్లీ వాయించాలి, లేదా తప్పుతోనే వదిలేయాలి. నాలుగు గంటల్లో పది పాటలు పూర్తయ్యాయంటే ఎక్కువసార్లు రెండోదే చేసి ఉంటారు. ‘ది క్రిమినల్ ఇన్‌సైడ్ మీ’లో స్పెన్సర్, బర్న్‌సైడ్ ఒకరినొకరు తిట్టుకుంటూ పోయేది కూడా అలా వచ్చిందే. దాన్ని పంక్ పొగరుగా విన్నవాళ్లున్నారు. నల్లవారి పల్లెల్లో ఎదురెదురుగా నిలబడి తిట్ల పోటీ పెట్టుకునే ‘డజన్స్’ ఆచారం దానికన్నా చాలా పాతది, ఆ పోటీలో బర్న్‌సైడ్‌దే పైచేయి.

ఆల్బమ్ అంతా ఒకే ఎత్తులో ఉందని మాత్రం చెప్పలేం. ‘వాకిన్ బ్లూస్’లో స్పెన్సర్ అరుపులు పాట కన్నా ముందుకొచ్చి చిరాకు పెడతాయి. నాలుగు గిటార్లూ ఒకేసారి మధ్య స్థాయిలో మూగినచోట ఎవరేం వాయిస్తున్నారో తేలదు. రెండు గిటార్లు తగ్గితే ఏమవుతుందో చూడాలనుకున్నవాళ్లు రాబర్ట్ పామర్ నిర్మించిన 1994 ఆల్బమ్ ‘టూ బ్యాడ్ జిమ్’ను పక్కన పెట్టుకుని వినాలి. అక్కడ రిఫ్ స్పష్టంగా ఉంటుంది, ప్రమాదం తక్కువ. ఇక 1998లో నిర్మాత టామ్ రాత్‌రాక్ ‘కమాన్ ఇన్’లో బర్న్‌సైడ్ రిఫ్‌లను ముక్కలు కోసి లూప్‌లుగా (తిరిగి తిరిగి మోగే ముక్కలుగా) కట్టాడు. ఒక్క కార్డ్ మీది రిఫ్‌ను ఎక్కడ కోసినా అతుకు కనిపించదు కాబట్టి ఆ పని సాధ్యమైంది. పన్నెండు బార్ల పాటను అలా కోస్తే మధ్యమం మీద నుంచి షడ్జమం మీదికి కుదుపుతో పడుతుంది. వాటిలో ‘ఇట్స్ బ్యాడ్ యూ నో’ టీవీ సీరియల్ ‘ద సొప్రానోస్’ ద్వారా, బ్లూస్ పేరు వినని ఇళ్లలోకీ వెళ్లింది.